తోడు ముక్క

ఆ వానాకాలం మా ఇంట్లో ఏ కాగితమూ సరిగ్గా ఎండలేదు.

కాగితం ఎండకపోతే ఏం కొంప మునిగింది అంటారేమో. మా కొంప నిలబడిందే కాగితం మీద. పాత బొమ్మలు పోగేసే పిచ్చి ఉన్నవాళ్లు లోకంలో మనం అనుకునేదానికంటే ఎక్కువమందే ఉన్నారు. వాళ్లకు బొమ్మ ఒక్కటే ఉంటే సరిపోదు, ఆ బొమ్మ కొత్తలో ఏ అట్టపెట్టెలో అమ్ముడైందో ఆ పెట్టె కూడా కావాలి. బొమ్మేమో రేకుది, ఎన్ని చేతులు మారినా ఎలాగో బతికేస్తుంది. పెట్టెకు అంత ఆయుష్షు ఉండదు. కొన్న రోజే పిల్లలు సగం చించేస్తారు, మిగతా సగం సంగతి ఎలుకలు చూసుకుంటాయి. అలా చిరిగి, నలిగి, మూలలు ఊడిపోయి వచ్చినవాటిని మళ్లీ పెట్టెలుగా నిలబెట్టడం మా బావగారి పని. బావగారంటే మా ఆయనకు అన్నయ్య. ముందుగదిలో పొడుగాటి బల్లకు ఒక చివర మా ఆయన బొమ్మల స్ప్రింగులూ తాళాలూ బాగుచేస్తుంటే, రెండో చివర బావగారు పెట్టెలు అతికేవారు. మైదా ఉడికించి, గుడ్డలో వడకట్టి జిగురు తయారుచేయడం నా వంతు. ఎప్పుడైనా ఉండ కట్టిందంటే ఆయన నోరు తెరిచి ఒక్క మాట అనరు, గిన్నెను మాత్రం నా వైపు కాస్త జరుపుతారు. ఆ జరపడం కంటే నాలుగు తిట్లు నయం.

బావగారికి ఒక పట్టుదల ఉండేది. పెట్టె మీద బొమ్మలో ఒక ముక్క ఎగిరిపోతే, అక్కడ కొత్త కాగితానికి రంగు వేసి అతికించడం ఆయనకు అసలు నచ్చేది కాదు. వేరే గతి లేకపోతేనే చేసేవారు. అదే అచ్చులో వేసిన ఇంకో పెట్టె, ఎందుకూ పనికిరాకుండా పాడైపోయినది, ఎక్కడైనా దొరికితే దానిలోంచి కావలసినంత కోసి ఇందులో పెట్టేవారు. అట్టను తడిపి, మీద ఉన్న బొమ్మ కాగితాన్ని పొరగా లేపి, దాని అంచుల్ని ఉల్లిపొర కంటే పల్చగా గీకి అతికిస్తే, అతుకు ఎక్కడుందో అతికిన చేతికి కూడా తెలియదు. అలాంటి ముక్కను ఆయన 'తోడు' అనేవారు. దీనికి తోడు వెతకాలి, దానికి తోడు దొరకలేదు, రోజంతా ఇదే గోల. ఆ మాట వంటింట్లోకి కూడా వచ్చేసింది. గిన్నెకు మూత కనబడకపోతే, "పాపం, దీనికి తోడు పోయింది" అనేది మా అక్క, అంటే బావగారి భార్య, నా తోడికోడలు. ఇద్దరం పడీపడీ నవ్వేవాళ్లం. అదంతా అంతకుముందు మాట.

వాళ్లకు ఒక్కతే కూతురు. నిద్రలో తప్ప నోరు మూసేది కాదు కాబట్టి దాన్ని గిలక అనేవాళ్లం. ముందటేడు జ్వరం వచ్చింది, తగ్గలేదు, పిల్ల పోయింది. ఇంతకంటే వివరంగా చెప్పే ఓపిక నాకు ఇప్పటికీ లేదు.

గిలకకు ఒక రేకు పడవ ఉండేది. తాళం తిప్పి నీళ్లలో వదిలితే బుడబుడమంటూ తొట్టి ఈ అంచు నుంచి ఆ అంచుకు వెళ్లేది. నీళ్లలో ఆడీ ఆడీ పడవ తుప్పుపట్టి పోయింది గానీ దాని పెట్టె మిగిలింది. మూత మీద నిండుగా నీలం ఆకాశం, అడుగున సముద్రం, మధ్యలో పొగ వదులుతూ వెళ్లే తెల్ల పడవ. ఒకరోజు గిలక ఆ బొమ్మను మా అందరికీ పంచిపెట్టింది. ఆకాశం తనది. సముద్రం అమ్మది. పడవ నాన్నది. నాకూ మా ఆయనకూ కలిపి పొగ వచ్చింది. "పిన్నికి పొగేనా?" అని నేను మూతి ముడిస్తే, "పోనీలే, ఆకాశంలోకి రానిస్తాలే" అంది. అప్పటినుంచి ఆ పెట్టె దాని జడపిన్నుల పెట్టె అయింది.

పిల్ల పోయాక అక్క బట్టలు ఇచ్చేసింది, స్కూలు సంచి ఇచ్చేసింది, చెప్పులు కూడా ఇచ్చేసింది. ఏమీ ఉంచుకోదు కాబోలు అనుకున్నాం. ఆ పెట్టె మాత్రం ఉంచుకుంది. జడరిబ్బన్లు, ఊడిన పాలపన్ను ఒకటి, కొరికిన రంగుపెన్సిలు ముక్క, అన్నీ అందులోనే. మధ్యాహ్నం పనులయ్యాక బీరువా అడుగు అరలోంచి తీసి ఒళ్లో పెట్టుకునేది. మూత తెరిచేది కాదు. మూత మీద అరచెయ్యి ఆనించి కాసేపు కూర్చుని మళ్లీ లోపల పెట్టేసేది. మేం చూసీ చూడనట్టు తిరిగేవాళ్లం. బావగారు మాత్రం ఆ వేళకు గదిలోకే వచ్చేవారు కాదు. కూతురు పోయాక ఆయన ఏడవగా నేను చూడలేదు. బల్ల ముందు కూర్చునే వేళలు మాత్రం పెరిగాయి. భోజనానికి పిలిస్తే, "ఈ మూల ఆరగానే వస్తానమ్మా" అనేవారు. వానాకాలంలో మూలలు ఆరతాయా?

వానలు మొదలైన కొత్తలో పళ్ల డాక్టరు వచ్చారు. ఆయన మాకు పాత గిరాకీ. పిల్లల పళ్లు పీకి పిల్లల బొమ్మలు కొనుక్కుంటాడని మా ఆయన చాటున వేళాకోళం చేసేవాడు గానీ, మనిషి మంచివాడు. ఆ రోజు తాను నిలువునా తడిసి, చంకలో మాత్రం తువ్వాలు చుట్టిన పెట్టెను పొడిగా తెచ్చారు. బల్ల మీద పెట్టి తువ్వాలు విప్పారు. నీలం ఆకాశం, సముద్రం, పొగ వదిలే తెల్ల పడవ. ఆకాశంలో అరచేతంత ముక్క ఎలుకలు కొట్టేశాయి.

అక్క అప్పుడే టీ తెచ్చింది. పెట్టెను చూసింది. కప్పు డాక్టరుగారి చేతికి ఇచ్చి, చక్కెర సరిపోయిందో లేదో చూసుకోమని చెప్పి, వంటింట్లోకి వెళ్లిపోయింది. మా ఆయన నా వైపు చూశాడు. నేను బావగారి వైపు చూశాను. ఆయన అప్పటికే వంగి చిరిగిన అంచును వేలితో తడుముతున్నారు.

డాక్టరుగారిది ఒక్కటే కోరిక. బొమ్మ పడవ తన దగ్గర కొత్తదానిలా ఉంది, పెట్టె కూడా అలా అయితే రెండూ కలిపి అద్దాల బీరువాలో పెట్టుకుంటారు. తొందరేమీ లేదన్నారు.

తోడు కోసం మా ఆయన పాత సామాన్ల కొట్లన్నీ తిరిగాడు. ఎక్కడా దొరకలేదు. అదే అచ్చు పెట్టె పక్కగదిలో, బీరువా అడుగు అరలో ఉందని ఇంట్లో అందరికీ తెలుసు. ఆ మాట ఎవరూ అనలేదు. అనాలని తోచలేదు కూడా, ఒట్టు. ఇంట్లో దీపం వెలిగించాలంటే ఇంటికే నిప్పు పెట్టుకుందామని ఎవరికి తోస్తుంది?

ఇక రంగే గతి అయింది. బావగారు నీలం కలపడం మొదలుపెట్టారు. మామూలు నీలం అయితే గంటలో పని. ఇది ఏళ్లపాటు వెలిసి, పైన కాస్త పసుపు తిరిగి, అంచుల్లో ఒకలా నడిమిలో ఇంకోలా ఉన్న నీలం. తడిగా ఉన్నప్పుడు సరిపోయినట్టే ఉండేది, ఆరాక మొహం మార్చేది. ఆ ముసురులో ఆరడానికే రోజులు పట్టేది. పైగా రంగు నిజం ఎండలో పెట్టి చూస్తే గానీ తెలియదు, ఎండేమో లేదు. పట్టపగలు కూడా దీపం వేసుకుని పనిచేసేవాళ్లం. పనికిరాని నీలాలన్నీ కిటికీ దగ్గర తాడుకు బట్టల క్లిప్పులతో వేలాడేవి. వంటింట్లోంచి ముందుగదిలోకి రావాలంటే ఆ నీలాల కింద తల వంచుకుని రావాలి. ఆయన తిండి తగ్గింది. గడ్డం పెరిగింది. మా ఆయన ఒకసారి ధైర్యం చేసి, "తిరిగి ఇచ్చేద్దాం అన్నయ్యా, కుదరలేదని చెబుదాం" అన్నాడు. బావగారు విననట్టే ఇంకో నీలం కలుపుకున్నారు.

ఒక సాయంత్రం ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. పని మధ్యలో ఆయన అక్కడికి రావడమే వింత. గడ్డం గీసుకుని ఉన్నారు.

"తోడు దొరికింది" అన్నారు.

నవ్వుతున్నారు. పిల్ల పోయినప్పటినుంచి ఆ ముఖంలో నవ్వు చూడలేదు మేము. అక్క చేతిలో గరిటె అలాగే పట్టుకుని ఆయన్ను చూసింది, చూసి తనూ నవ్వింది. "అయితే ఈ పూటయినా వేళకు భోంచేస్తారా?" అని అడిగింది. చేస్తానన్నారు, చేశారు. మారు వడ్డించుకున్నారు. ఆ పూట మా ఇల్లు ఇల్లులా అనిపించింది నాకు. ఎక్కడ దొరికిందని ఎవరమూ అడగలేదు. మా ఆయన తిరిగిన కొట్లలో ఎవరో పంపి ఉంటారని నేననుకున్నాను, నేనేదో తెప్పించి ఉంటానని మా ఆయన అనుకున్నాడట.

డాక్టరుగారు వచ్చి పెట్టె తీసుకున్నారు. దీపం కిందకు పట్టుకుని అటూ ఇటూ తిప్పి, ఎలుకలు కొట్టింది ఈ పెట్టెనేనా అని ఆయనే అడిగారు. బావగారు కళ్లు దించుకుని తృప్తిగా జిగురు కుంచె కడుక్కున్నారు.

వానలు వెనకపట్టిన మొదటి రోజు ఊరంతా మేడలెక్కింది. పరుపులు, దుప్పట్లు, వాసన పట్టిన బట్టలు, అన్నీ ఎండలోకి వచ్చాయి. మేమూ బీరువాలు ఖాళీ చేశాం. నేను పిట్టగోడ మీద బొంత పరుస్తుంటే అక్క పిలిచింది. గొంతు మామూలుగానే ఉంది.

"చెల్లీ, ఇలా రా. ఈ ఆకాశం చూడు."

పెట్టె ఆమె చేతుల్లో ఉంది. ఎండ నేరుగా మూత మీద పడుతోంది. ఆకాశం మధ్యలో అరచేతంత మేర నీలం వేరుగా ఉంది, రవ్వంత పచ్చదనం ఎక్కువైన నీలం. దాన్ని నేను గుర్తుపట్టాను. కిటికీ దగ్గర తాడుకు వేలాడిన నీలాల్లో ఒకటి. దాని కింద తల వంచుకుని ఎన్నిసార్లు నడిచానో. డాక్టరు పెట్టెకు పనికిరాదని పక్కన పెట్టిన నీలం.

పెళ్లయిన నాటినుంచి ఆ బల్ల పక్కన బతికిన మనిషికి ఎవరు ఏం చెప్పాలి? అక్క లోపలున్న రిబ్బన్లను సర్దింది, మూత పెట్టింది, మెట్లు దిగింది. నేను వెనకే దిగాను.

ముందుగదిలో అన్నదమ్ములిద్దరూ పనిలో ఉన్నారు. ఆమె పెట్టెను బావగారి ముందు పెట్టింది.

"ఈ రంగు మీరు వేసిందే కదండీ?"

ఆయన పెట్టెను చూశారు. కిటికీలోంచి ఎండ బల్ల మీదికి వస్తోంది. కాసేపు ఆ నీలాన్నే పరీక్షగా చూసి, "దీపం కింద సరిపోయింది" అన్నారు.

ఆ మాట అన్నాకే ఆయనకు తెలిసింది. మనిషికి ఒక సంగతి తెలియడం అంత దగ్గరగా నేను ఎప్పుడూ చూడలేదు, మళ్లీ చూడదలుచుకోలేదు. చేతిలో కుంచె కిందపడలేదు, ఏమీ కాలేదు. ముఖం మాత్రం ముసలిదైపోయింది. మా ఆయన లేచి వచ్చి, "ఏం చేశావు అన్నయ్యా?" అన్నాడు.

"గిలక పెట్టె అనుకోలేదురా" అన్నారు బావగారు. "కోస్తున్నంతసేపూ నాకు అలా అనిపించలేదు. తోడు అనుకున్నాను."

ఆయన మీద నాకు ఆ క్షణం వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. కానీ ఆ కోపం నిలబడటానికి చోటు లేకపోయింది. ఆయన అబద్ధం చెప్పడం లేదని గదిలో అందరికీ తెలుస్తోంది. ఆ చేతులు అంతే. అచ్చు, కాగితం, వెలిసిన తీరు, ఇవి తప్ప ఆ చేతులకు ఇంకేమీ తెలియకుండా పోయింది. పిల్లను మరిచిపోవడానికి పనిలో దూరిన మనిషి నిజంగానే మరిచిపోయాడు, అదీ దాని పెట్టె చేతిలో పెట్టుకుని.

"ఎక్కడుంది?" అంది అక్క.

"డాక్టరుగారి ఇంట్లో."

"పదండి."

నలుగురం వెళ్లాం. పళ్ల డాక్టరు ఆసుపత్రి కింద, ఇల్లు పైన. సంగతి మా ఆయనే నెమ్మదిగా చెప్పాడు. డాక్టరుగారి ముఖం వాడిపోయింది. బేరాలాడే మనిషి అయితే మాకు తేలికగా ఉండేదేమో. ఆయన ఏమీ ఆడలేదు. అద్దాల బీరువా తాళం తీసి, పడవను పక్కన పెట్టి, పెట్టెను రెండు చేతులతో తెచ్చి అక్క చేతికిచ్చారు. "మీకు కావలసినంత కోసుకోండమ్మా. మొత్తం తీసుకువెళ్లినా సరే" అన్నారు. ఆ మంచితనానికి నాకు కన్నీళ్లు ఆగలేదు.

అక్క పెట్టెను కిటికీ దగ్గరకు తీసుకువెళ్లింది. ఎండ బాగా ఉంది. ఆకాశం అంతా ఒక్కటే నీలం.

"ఏదండీ?" అని అడిగింది.

బావగారు దగ్గరకు వెళ్లారు. భూతద్దం తీశారు. పెట్టెను కంటి ఎత్తుకు లేపి వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూశారు. వేలికొసతో తడిమారు. కళ్లు మూసుకుని మళ్లీ తడిమారు. పడవ పొగ పక్కన ఆగారు, కాదని తల ఆడించుకున్నారు, పై అంచు దగ్గర వెతికారు. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. అది ఆయన చేసిన పని, ఆయన దాచిన అతుకు. ఆయనకే దొరకలేదు.

"నీళ్లు పెడితే తెలుస్తుంది" అన్నారు చివరికి, నేల చూస్తూ. "కానీ పాత కాగితం. మొత్తం ఊడిపోతుంది."

అక్క ఆయన చేతిలోంచి పెట్టె తీసుకుంది. ఆకాశం మీద అరచెయ్యి ఆనించింది, మా ఇంట్లో మధ్యాహ్నాలు ఆనించినట్టే. ఎక్కడ ఆనించాలో తెలియక చేతిని ఒకటి రెండు చోట్లకు జరిపింది. తర్వాత పెట్టెను డాక్టరుగారికి తిరిగి ఇచ్చేసింది.

"బాగా చేశారు" అంది బావగారితో. "చాలా బాగా చేశారు."

అందులో వెటకారం లేదు. ఉంటే ఆయన బతికిపోయేవారు.

ఇంటికి వచ్చాక ఆమె ఒక గుడ్డను తడిపి పిండి గిలక పెట్టె మీద వేసింది. మా జిగురు అలాంటిది, రేపు ఇంకెవరైనా విప్పాలనుకుంటే విప్పుకోవడానికి వీలుగా ఉండాలని బావగారు పల్చగా వేస్తారు. కాసేపటికి ఆ నీలం ముక్క దానంతటదే లేచి వచ్చింది. దాని కింద బోడి అట్ట, ఆకాశంలో అరచేతంత కంత. ఆమె ఆ ముక్కను తీసుకువెళ్లి ఆయన బల్ల మీద పెట్టింది. ఆయన దాన్ని తాడుకు తగిలించారు, ఇంకేం చేయాలో తెలియక.

ఆ తర్వాత వాళ్లిద్దరి మధ్య గొడవేమీ జరగలేదు. జరిగితే బాగుండేదని మా ఆయన అనేవాడు. ఆమె వడ్డించేది, ఆయన తినేవారు. ఆయన ఏదైనా చెప్పబోతే, "పోనీలెండి" అనేది. నేల పూర్తిగా ఆరిపోయి దుమ్ము లేవడం మొదలైన రోజుల్లో అక్క వాళ్ల పెద్దక్క దగ్గరకు బయలుదేరింది. కొన్నాళ్లు ఉండి వస్తానంది. బట్టల సంచి మా ఆయన మోశాడు, పెట్టె మాత్రం ఆమె చేతుల్లోనే ఉంది, కంత పైకి కనబడుతూ. బస్సు ఎక్కబోతూ నా చెయ్యి పట్టుకుంది.

"ఆయన్ను వేళకు భోజనానికి లేపుతూ ఉండు. మూల ఆరలేదంటే వినకు."

బావగారు గుమ్మం దాటి రాలేదు. ఆమె చెప్పిన కొన్నాళ్లు ఇప్పటికీ అవలేదు.

పని మాత్రం ఆగలేదు. ఆయన మళ్లీ పెట్టెలు అతుకుతున్నారు, నేను మళ్లీ మైదా ఉడికిస్తున్నాను. కానీ గిరాకీలు ఒక్కొక్కరే తగ్గారు. బావగారు అతికే పెట్టెల్లో ఇప్పుడు అతుకు కనబడుతుంది. ముక్క చుట్టూ సన్నగా, వెంట్రుకంత సందు వదిలేస్తారు. దగ్గరకు పట్టుకుంటే ఎవరి కంటికైనా ఆనుతుంది. చెయ్యి వణుకుతోందని కొందరు, చూపు తగ్గిందని కొందరు అనుకున్నారు. మా ఆయన అడగలేదు, నేనూ అడగలేదు.

మొన్న పళ్ల డాక్టరు ఇంకో పెట్టె తీసుకువెళ్లడానికి వచ్చారు. తీసి చూసి, మొహమాటంగా, "అతుకు తెలుస్తోందండీ" అన్నారు.

"తెలియనివ్వండి డాక్టరుగారూ" అన్నారు బావగారు. "రేపు ఎవరైనా వచ్చి ఏదండీ అని అడిగితే, చూపించగలగాలి కదా."